చెరిపేసిన ఏడాది

“ఆ రోజు నేను జైల్లో ఉన్నాను సార్,” అన్నాడు ఫిలిప్.

అంత ధీమాగా ఆ మాట చెప్పినవాణ్ణి ఎస్సై వెంకటప్పయ్య ఇదివరకెప్పుడూ చూడలేదు. రెండువేల పదిహేడులో వన్ టౌన్‌లో ఒక గోడౌన్ వాచ్‌మన్‌ని ఇనపరాడ్డుతో కొట్టి చంపారు. ఇన్నేళ్ళకి దొరికిన దొంగ, తనతోపాటు గుణదల ఫిలిప్ కూడా ఉన్నాడని చెప్పాడు. ఏసీలు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి షాపులోంచే జీపెక్కించి తెచ్చారు.

“ఏ కేసులో?”

బైకు దొంగతనం. పట్టుకున్నప్పుడు పెద్దవాడని రాసి మామూలు జైల్లోనే వేశారు. తల్లి తెరేసమ్మ తిరిగి తిరిగి బడి సర్టిఫికెట్ చూపించాక, మైనరేనని తేలి కేసు బాలల కోర్టుకి మారింది. వాళ్ళు వదిలేస్తూ, కుర్రాడి బతుకు పాడవకూడదని రికార్డులన్నీ తీసెయ్యమన్నారు. ఇదంతా ఫిలిప్ పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఎస్సై స్టేషన్లో వెతికించాడు. కోర్టుకీ జైలుకీ ఫోన్లు చేయించాడు. ఎక్కడా ఫిలిప్ పేరు లేదు. తీసెయ్యమన్న ఆర్డరు కాపీ ఏదని అడిగితే, ఆ ఆనవాలు కూడా ఇంట్లో ఉండకూడదని అమ్మ పొయ్యిలో పెట్టేసిందన్నాడు. వాదించిన లాయరు కరోనాలో పోయాడు. జైల్లో తనతో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పబోతే, దొంగల సాక్ష్యం చెల్లదన్నాడు ఎస్సై.

“నా పేరు చెప్పింది కూడా దొంగే కదా సార్.”

చెంప పగిలింది. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద పడింది. ఫిలిప్ అరచేత్తో తుడుచుకున్నాడు.

“మా అమ్మనడగండి సార్. వారం వారం ములాఖత్‌కి వచ్చేది. ఊచల అవతల నిలబడి ఏడ్చేది. ఆవిడ అబద్ధమాడదు.”

ఎస్సై సరేనన్నాడు. కాకపోతే కారణం చెప్పకుండా అడుగుతాననీ, మధ్యలో ఫిలిప్ నోరు తెరిస్తే మళ్ళీ ఇంటి మొహం చూడడనీ చెప్పాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

తెరేసమ్మ ఎత్తి, ఎప్పట్లాగే తనూ స్పీకర్లో పెట్టింది. వెనకనుంచి గ్లాసుల చప్పుడూ, ఎవరో పెద్దాయన నవ్వూ వినిపించాయి. తను చేసుకోబోయే కృప వాళ్ళ నాన్న నవ్వు అది. పెళ్ళి ఖాయం చేసుకోవడానికి వాళ్ళు ఇవాళే వస్తామన్న సంగతి ఫిలిప్‌కి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మా అనబోయాడు. కానిస్టేబుల్ చెయ్యి వాడి నోటిమీద పడింది.

“పోలీస్ స్టేషన్ నుంచమ్మా. రెండువేల పదిహేడులో మీ అబ్బాయి జైల్లో ఉన్నాడా?”

అవతల నవ్వు ఆగిపోయింది. గ్లాసుల చప్పుడూ ఆగింది.

“మేరీమాత సాక్షిగా చెబుతున్నానండీ,” అంది తెరేసమ్మ, గదిలో అందరికీ వినబడేలా. “మావాడు జైలు గుమ్మం తొక్కినవాడు కాదు. ఆ ఏడాదంతా ఈ ఊళ్ళోనే, నా కళ్ళముందే ఉన్నాడు.”