కువైట్ బిళ్ళ

"మీ ఇంటికి కువైట్ నుంచి ఎవరన్నా వచ్చేరాండీ?"

ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. అమలాపురం ఆసుపత్రిలో మొగుడు గుండెజబ్బుతో మంచాన పడి ఉంటే, ఎలా ఉన్నాడని అడగాల్సింది పోయి ఇదేం ప్రశ్న?

అడిగినావిడ ఎవరో తెలీదు. రోగీ కాదు, రోగి తాలూకు మనిషీ కాదు. ప్రతి మంచం దగ్గరా ఆగి ఇదే అడుగుతోంది.

"మా తమ్ముడొచ్చేడండి. అయితే ఏంటంట?"

"ఏం తెచ్చేడండీ?"

"సెంటు సీసా తెచ్చేడు. మీకూ కావాలా?"

ఆవిడ నవ్వలేదు.

"కోపం తెచ్చుకోకండి అక్కా. ఇంకేం తెచ్చేడండీ?"

అమ్మో, ఎంత ఆరా! వీసాల ఏజెంటా? లేక పక్కవాళ్ళ సామాను మీద కన్నేసే బాపతా? ఎలీసమ్మ రొంటిన దోపుకున్న డబ్బీని పైటతో కప్పుకుంది.

అది ఆవిడ కంట పడనే పడింది.

"ఆ డబ్బీ ఓసారి చూపించండి అక్కా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకంట?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. అంతలోనే ఆత్రం పట్టలేక డబ్బీవైపు చెయ్యి చాచింది.

"వాచ్‌మెన్ గారూ! ఈవిణ్ణి బయటికి పంపండి బాబూ!"

గుమ్మం దాటేదాకా ఆవిడ ఆ పైటవంకే చూసింది.

సాయంత్రం గంజి తాగుతూ తాగుతూ ఎలీసమ్మ మొగుడు సాలమోను భళ్ళున నెత్తురు కక్కుకున్నాడు.

డాక్టరు పరుగున వచ్చాడు. "ఈయనకి రక్తం పల్చబడే మందు ఇస్తున్నామమ్మా. దానితోపాటు వేరే మందేమీ వెయ్యలేదు కదా?"

"ఆయ్, లేదండి. ప్రభువు సాక్షిగా ఏ మందూ వెయ్యలేదండి!"

అబద్ధం కాదు. మందంటే డాక్టరు రాసేది, షాపులో కొనేది. రొంటినున్నవి తమ్ముడు ప్రేమగా తెచ్చిన కువైట్ బిళ్ళలు. మోకాళ్ళు సలుపుతున్నాయని మొగుడు మూలిగినప్పుడల్లా ఒకటి వేసేది. కువైట్ నుంచి ఎవరొచ్చినా ఊళ్ళోవాళ్ళు అడిగి మరీ పట్టుకెళ్తారు. వాటిని మందని ఎవరనుకుంటారు?

'ఇంకేం తెచ్చేడండీ?'

ఆ మాట గుర్తొచ్చేసరికి ఎలీసమ్మ చెయ్యి రొంటికి పోయింది. డబ్బీ తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"ఎంత పని చేసేవమ్మా! ఇది నొప్పి బిళ్ళ. ఆ మందూ ఇదీ కలిస్తే కడుపులో నెత్తురు కారక ఏమవుతుంది? ఇప్పటికైనా చూపించేవు, నయం."

తెల్లారేసరికి గండం గడిచింది. సాలమోను కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

ఎలీసమ్మ వార్డంతా వెతికింది, గేటు దాకా వెళ్ళి చూసింది. ఆవిడ జాడ లేదు.

"సిస్టరు గారూ, నిన్న నేను గెంటించేసినావిడ ఏరండీ?"

శారోన్ సిస్టరు సెలైను సీసా మారుస్తోంది. "ఓడలరేవు ఊరావిడా అండీ? సెలవైపోయిందండి. రాత్రే మళ్ళీ కువైట్ బయల్దేరి వెళ్ళిపోయేరు."

"ఆవిడా కువైట్‌లోనే ఉంటారా! మరి ఈ వార్డులో ఎవరున్నారండీ ఆవిడకి?"

"ఇప్పుడెవరూ లేరండి. పోయిన నెల వాళ్ళమ్మ ఈ మంచం మీదే పోయేరు. ఆ బిళ్ళలు అక్కణ్ణుంచి తెచ్చి, చేతులారా అమ్మకి వేసింది ఆవిడేనండి."