రిజిస్టరులో లేని పెళ్లి

"ఫాదర్, నా పెళ్లి కనబడటం లేదు," అంది పంతులమ్మ, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ.

ఊరి చర్చికి నూట యాభై ఏళ్లు నిండుతున్నాయని దాని చరిత్ర రాసే పని ఆమె నెత్తినేసుకుంది. రాళ్లు కొట్టేవాళ్లు ఆదివారాలు శ్రమదానం చేసి గోడలు లేపడం, వరదప్పుడు పదకొండు మంది గంటగోపురం ఎక్కి బతికిపోవడం, అన్నీ పాత రిజిస్టర్ల నుంచి ఏరి రాసుకుంది. తీరా గాలివానకు చర్చి కప్పు ఎగిరిపోయిన ఏడాదికి వచ్చేసరికి, నూట పదకొండో కాగితం తర్వాత నూట పదమూడు ఉంది.

ఆ ఏడాది అక్కడ జరిగింది ఒకే పెళ్లి, ఆమెదే. కప్పులేని చర్చిలో, కుండపోత వానలో, అరువు బట్టల్లో, ఎనిమిది మంది ఎదుట. ఆర్గన్ తడిసి పాట కూడా లేదు. ఆ వెలితి గురించి నలభై ఏళ్లలో భర్తతో ఒక్కసారే అంది.

కొత్తగా వచ్చిన ఫాదర్ రిజిస్టరు అటూ ఇటూ తిప్పి, ఏ ఎలుకలో కొరికి ఉంటాయన్నాడు. సాక్షులు ఎవరూ మిగల్లేదు.

"పుస్తకం ప్రకారం మీకింకా పెళ్లి కాలేదమ్మా. ఉత్సవం రోజు మళ్లీ చేసేద్దాం."

ఆమె దాదాపు పరుగున ఇల్లు చేరింది. చర్చి రిజిస్టర్లతో సహా ఊళ్లో పుస్తకాలన్నీ బైండింగు చేసే భర్త, వేళ్లకు జిగురుతోనే అంతా విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే నన్ను చేసుకుంటావా?"

"అమ్మాయినడిగి చెబుతాను," అంది.

పెళ్లయ్యేదాకా ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండటానికి వీల్లేదని కూతురు తల్లిని తన ఇంటికి తీసుకుపోయింది. పెళ్లికొడుకు రోజూ పొద్దున్నే గేటు దగ్గర తచ్చాడేవాడు. మనవరాళ్లు కిటికీలోంచి చూసి పడీ పడీ నవ్వేవారు.

ఉత్సవం రోజు జనం మెట్ల దాకా నిలబడ్డారు. ఆర్గన్ మోత వీధి చివరికి వినబడింది. ప్రమాణం మధ్యలో పంతులమ్మకు నవ్వాగక ఫాదర్ రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. కొత్త కాగితం మీద సంతకం చేసి, తన చరిత్రకు ఆఖరి అధ్యాయం దొరికిందని అందరికీ చెప్పుకుంది.

విందులో ఉక్కకు తాళలేక ఆయన కోటు విప్పి కూతురికిచ్చి, భార్యతో నాట్యానికి లేచాడు. చెమట తుడుచుకోవడానికి తండ్రి రుమాలు కోసం కూతురు ఆ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టింది.

నూట పన్నెండో కాగితం చేతికొచ్చింది.