మార్తమ్మ పెరట్లో గోరింకలు

నెల్లిమర్లలో చలి మొదలైన దగ్గర్నుంచీ మార్తమ్మ పొద్దున్నే కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్లేది. ఎండలో కూర్చుని తింటాననేది. గోరింకలు, పిచ్చుకలు ఆమె చుట్టూ మూగేవి. వాటితో ఆమె మాట్లాడుతుంటే లోపల కోడలు దీవెన నవ్వుకునేది.

ఆ రోజు దీవెన నిండు కడుపుతో బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్లింది. అత్త కంచంలో అన్నమంతా గోడవారన గుమ్మరిస్తోంది. ఒక్క ముద్ద కూడా తినలేదు.

"ఏటత్తా ఇది? ఇంత కష్టపడి వండితే పిట్టల పాలు సేత్తన్నావా? నా వంట అంత సేదుగున్నాదా?"

మార్తమ్మ ఖాళీ కంచాన్ని కొంగు చాటుకి లాక్కుంది. దీవెనకి ఏడుపొచ్చింది. విసురుగా లోపలికెళ్లి గ్లాసుతో గంజి తెచ్చింది.

"పోనీ, ఇదైనా తాగు."

ఒక్క గుక్క తాగింది మార్తమ్మ. దిగలేదు. దగ్గుతెర వచ్చి గంజంతా బయటికొచ్చేసింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద నెత్తుటి చార.

దీవెన ఆ కొంగు చేతిలోకి తీసుకుని చూసింది. "ఎన్నాళ్లయ్యిందత్తా?"

"రెండు నెల్లు దాటింది. మెతుకు దిగట్లేదే అమ్మీ."

"మాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఆస్పత్రిలో పడేస్తారు. తల్లి లేని పిల్లవి, నీ పురుడు ఎవులు సూస్తారే?"