రెండో రింగు దాకా

ఫోను మోగింది. గంగాధర్ ఎత్తి "హలో" అన్నాడు. అవతల పెట్టేశారు.

తెర మీద నెంబరు లేదు. ఎప్పుడూ ఉండదు.

ఇంటర్నెట్ పెట్టెకి తగిలించిన కొత్తరకం ఫోను అది. మొగల్రాజపురంలో ఆ వీధి మొత్తానికి అలాంటిది పెట్టించుకున్నది ఆయనొక్కడే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా అందరికీ చెప్పాడు. ఇప్పుడు ఆ ఫోనే ఆయన పరువు తీస్తోంది.

గంగాధర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఏ సమస్యకైనా ఆయనకి ముందు జవాబు తెలుస్తుంది. రుజువు తర్వాత చూసుకుంటాడు. దీనికీ జవాబు తెలిసిపోయింది. ఎవడో ఉన్నాడు. ఉష కోసం చేస్తున్నాడు. మొగుడి గొంతు వినగానే పెట్టేస్తున్నాడు.

"నాకోసమైతే మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఎందుకు చేస్తాడండీ?" అని ఉష ఒకసారి అడిగింది.

"నేను లేనప్పుడు చెయ్యట్లేదని నాకెవరు చెప్పాలి? నువ్వా?"

రుజువు కూడా అయిపోయింది.

ఆ వెధవకి వేళాపాళా లేదు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, కిటికీలు వేసి, పెళ్లానికి నాలుగు మంచి మాటలు చెప్పబోతే సరిగ్గా అప్పుడే మోగిస్తాడు. గంగాధర్ రొప్పుతూ వెళ్లి, మొదటి రింగు పూర్తికాకముందే రిసీవరు లాక్కుంటాడు. ఖాళీ ఫోనుని నోరారా తిట్టి వెనక్కి వచ్చేసరికి, మాట ఎక్కడ ఆపాడో గుర్తుండదు. క్లాసులో ఆయనకి అంత మతిమరుపు ఎన్నడూ లేదు.

"నెంబరు పడనీ. ఆ పూటే నిన్ను మీ అవనిగడ్డ బస్సెక్కిస్తా. మళ్లీ ఈ గడప తొక్కే పని లేదు. పెద్దమనుషుల్ని పిలుచుకుంటాడో, నెత్తిన గుడ్డేసుకుంటాడో, మీ నాన్న ఇష్టం."

ఉష మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఆయన లెక్కలో రుజువే.

బాగు చెయ్యడానికి జాన్సన్ అనే కుర్రాడు వచ్చాడు. ఒకసారి వానదే తప్పన్నాడు. ఇంకోసారి ఎలకలన్నాడు. వైరు మార్చాడు, పెట్టె మార్చాడు, మాట మార్చాడు. చివరికి తన సెల్లు నుంచి చేసి చూపించాడు. నెంబరు చక్కగా పడింది.

"పడుతోంది కదండీ."

"నీకు పడుతుందిలే. నాకు పడాలి."

"అయితే ఈసారి మీరెత్తండి."

మోగీ మోగకముందే గంగాధర్ లాక్కున్నాడు. తెర ఖాళీ. జాన్సన్ పళ్లు బయటపెట్టాడు.

"అదన్నమాట సంగతి. దీంట్లో మొదటి రింగు అయ్యాకే నెంబరొస్తుందండీ. అది దారిలో ఉండగానే మీరు ఎత్తేస్తున్నారు. రెండో రింగు దాకా ఆగండి."

లెక్కల మాస్టారికి రెండు దాకా లెక్కపెట్టడం చెప్పాల్సి వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకోటి కూడా చేస్తానండీ. ఇంట్లోవాళ్ల నెంబర్లు పేర్లతో పెట్టెలో ఎక్కించేస్తా. తెర మీద పడకముందే పెట్టెకి తెలుస్తుంది. వాళ్లయితే రెండు పొట్టి రింగులు. బయటివాళ్లయితే ఒక పొడుగు రింగు. చూడకుండానే తెలిసిపోద్ది."

గంగాధర్ తన సెల్లు నెంబరు చెప్పాడు. ఉషది చెప్పాడు. తల్లి కొండలమ్మది చెప్పాడు.

"మామ్మగారికీ సెల్లుందాండీ?"

"చెవుడయ్యా ఆవిడకి. మంగళగిరి గుడికెళ్లి తప్పిపోతే ఎవరో ఒకరు నాకు చేస్తారని నా పాతది మెళ్లో వేశా."

ఉష కాఫీ తెచ్చింది. గ్లాసు ఎడమచేత్తో అందించింది.

"ఎడమచేత్తో ఇస్తారుటే ఎవరికైనా? ఏమనుకోకు బాబూ, వీళ్లింట్లో నేర్పలేదు" అన్నాడు గంగాధర్.

"ఫర్లేదండీ" అని జాన్సన్ తలొంచుకుని తాగాడు.

కొండలమ్మ కిటికీలకి ఎదురుగా ఉన్న వెనక గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏం చేస్తున్నాడ్రా ఈ అబ్బాయి?"

"దొంగని పట్టిస్తున్నాడమ్మా" గంగాధర్ ఆవిడ చెవి దగ్గర అరిచాడు. "ఇకనుంచి ఎవరు చేసినా నెంబరు పడిపోద్ది."

"ఎప్పుడో పట్టుకోవాల్సింది నాయనా" అందావిడ.

గంగాధర్ గుండె నిండిపోయింది. ఇంట్లో ఒక్కరైనా తన పక్షాన ఉన్నారు.

ఆనాటి నుంచి దీక్ష పట్టాడు. కాలేజీ నుంచి రాగానే ఫోను పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఉషని పల్లెత్తు మాట అనలేదు. దొంగకోసం కాపు కాసేవాడు చప్పుడు చెయ్యకూడదు. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఇల్లు ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉంది. ఉష ఒకరోజు కూనిరాగం కూడా తీసింది.

ఫోను మాత్రం మోగలేదు.

ఎంతకాలమని భరిస్తాడు?

"చెప్పేశావన్నమాట వాడికి" అన్నాడొక సాయంత్రం.

"ఎవరికండీ?"

"నెంబరు పడుతోంది, చెయ్యొద్దని కబురు పంపావు. ఎంత తెలివే నీకు."

లేచి కిటికీలు వేశాడు. ఉష గోడవైపు జరిగింది. ఆగిపోయిన మంచి మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఫోను మోగింది.

గంగాధర్ ఒక్క అంగలో అక్కడున్నాడు. ఎడమచెయ్యి రిసీవరు మీద పెట్టి ఆగాడు. ఆయన ఆగడం అదే మొదలు. ఉష వైపు తిరిగి నవ్వాడు కూడా. అవనిగడ్డ బస్సులు ఇంకా ఉన్నాయి.

మోగినవి రెండు పొట్టి రింగులు. జాన్సన్ గాడి పనితనం తగలడినట్టే ఉంది, దొంగకీ ఇంటివాళ్ల రింగే పెట్టాడు అనుకున్నాడు.

మళ్లీ మోగింది.

తెర మీద 'అమ్మ' అని పడింది, గంగాధర్ కుడిచేతిలోని బెల్టు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.