తొంభై శాతం అన్న

మా అన్న షుయె షిచాంగ్ లాంటి గట్టుదొంగ మా జిల్లాలో ఇంకొకడు లేడు. మా ఇద్దరి వెల్లుల్లి మడుల మధ్య గట్టును ఇరవై ఏళ్లుగా ఏటా జానెడు నా వైపుకు జరుపుతూ వచ్చాడు.

అలాంటివాడు దగ్గడం మొదలుపెట్టాడు. నేనూ దగ్గేవాణ్ని గానీ, నాది సిగరెట్ దగ్గు. పట్నం ఆస్పత్రికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఒక్కడే అయితే ఆయన బెదిరిపోతాడని వదిన బతిమాలితే, తోడుగా నేనూ ఊపిరితిత్తి ముక్క తీసే పరీక్షకు సూది గుచ్చించుకున్నాను.

పది రోజులకు వదిన కళ్లొత్తుకుంటూ వచ్చింది. మీ అన్నకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అంది. రోగికి రోగం పేరు చెప్పే అలవాటు మా వైపు లేదు. తెలిస్తే ఆ దిగులుతోనే పోతాడు, నోరు జారకు అంది. పరీక్షలో వచ్చిన అంకెను చీటీ మీద రాసుకొచ్చింది. తొంభై శాతం.

బడి ఆరో తరగతిలో మానేసినా నాకు ఆ మాత్రం లెక్క తెలుసు. బీపీ పెరిగితే చేటు. షుగర్ పెరిగితే చేటు. తొంభై అంటే అన్నలో మిగిలింది పదో వంతే.

మనసు కరిగింది. పోయేవాడితో గట్టు తగాదా ఏమిటని, నా మడి మొత్తం ఆయన పేర రాసి, ఊరి పెద్ద ముందు వేలిముద్ర వేశాను.

"వద్దురా తమ్ముడూ," అన్నాడు అన్న. ఒక్కసారే అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరికీ సీసాలు ఎక్కించారు. నాది బలం మందట, అన్నకు తోడుగా.

"ఇదేం మందురా?" అన్న అడిగాడు.

"ఊపిరి శుభ్రం చేసేదిలే అన్నా."

"అంతేలే. నువ్వేం బెంగపడకు," అని నా భుజం తట్టాడు. పాపం, వెర్రిబాగులోడు అనుకున్నాను.

ఉండబట్టలేక డాక్టర్ హౌ గదికి వెళ్లి, అన్నకింకెన్నాళ్లని అడిగాను. ఆయన నా వెనకే వచ్చిన వదిన వైపు ఒకసారి చూశాడు.

"తొంభై అంటే రోగం ముదిరిందని కాదు. క్యాన్సర్ కణాలు ఒంట్లోని కాపలావాళ్ల కళ్లకు గంతలు కడతాయి. నూటికి తొంభై కణాల మీద ఆ గంతలున్నాయి. ఈ మందు గంతలు విప్పేదే. హామీ ఇవ్వలేను గానీ, పనిచేసే అవకాశం ఎక్కువ."

బయటికొచ్చి ఏడ్చాను. అన్న బతుకుతాడని సగం, మడి పోయిందని సగం.

నాలుగు నెలలకు గడ్డ సగానికి తగ్గిందని తేలాక వదిన ఒప్పుకుంది: ఆ తొంభై నాది, అన్న సీసాలోది ఉత్త ఉప్పునీళ్లు, అన్న జేబులోది మాత్రం నా వెల్లుల్లి మడి, అక్షరాలా మూడు ఫెన్‌ల నేల.