గోధుమ మొక్క

“లేమ్మా కరుణా, మీ అమ్మ సంచీ సర్దిచ్చింది. మీ ఆయన దగ్గర దించొస్తాను,” అన్నాడు పాస్టర్ ప్రేమ్‌చంద్, పత్తిచేను గట్టున బైకు ఆపి.

కరుణ లేవలేదు. కుడిచేత్తోనే కలుపు తీస్తోంది. మొగుడు విరిచిన ఎడమచేతికి కట్టుంది.

“ఓర్చుకోవాలమ్మా. గోధుమల్లో గురుగులు, అదే కలుపు, మొలిస్తే పీకొద్దు, కోతదాకా రెంటినీ కలిసి ఎదగనివ్వండని యజమాని పనివాళ్ళతో అన్నాడు. ప్రభువు చెప్పిన కథేగా?”

“సండేస్కూల్లో మీరే నేర్పారండి.” పత్తిమొక్కను చుట్టుకున్న తీగను ఆమె పీకి అవతల పారేసింది. “పనివాళ్ళకి చెప్పాడు, సరే. గోధుమ మొక్కని ఎవరన్నా అడిగారా, అయ్యగారూ?”

పాస్టర్ ఆ కట్టు వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బైకుకి తగిలించిన సంచీ తీసి ఆమె పక్కన పెట్టాడు.

“ఇదే కథ చెప్పి ఎంతమందిని దించొచ్చానో అమ్మా,” అన్నాడు.