ఒకటో నంబరు బండి

“ఇంకా తిరుగుతూనే ఉందా?”

“తిరుగుతూనే ఉంది సార్.”

కంప్యూటర్ తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. పెదకాకాని రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజీలో పొద్దుటి నుంచి కదులుతున్నది అదొక్కటే.

మేనేజరు చైతన్యకృష్ణ తల పట్టుకున్నాడు.

“నిన్న బాగానే ఉందిగా శ్రీరమ్యా?”

“రాత్రి దానంతటదే అప్‌డేట్ అయింది సార్. అప్పట్నుంచి మన సాఫ్ట్‌వేర్ పాకుతోంది. స్లిప్పు రావట్లేదు.”

“మనం అడిగామా? ఎవరడిగారు దాన్ని అప్‌డేట్ కమ్మని?”

శ్రీరమ్య మళ్ళీ తెర వైపు తిరిగింది.

స్లిప్పు రాకపోతే గేటు తీయరు. గేటు బయట మిర్చి బస్తాల ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా ఆగి ఉన్నాయి. మలుపు దగ్గరున్న బండి సుబ్బరావమ్మది. పెదనందిపాడు నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చింది.

ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“కాగితం మీద రాసుకుని దించుకోరాదా అమ్మాయ్? కంప్యూటర్లు లేనప్పుడు మిరపకాయలు దించలేదా?”

“పోయినేడు అట్లాగే దించాం పిన్నిగారూ. ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో తెలీక జుట్లు పట్టుకున్నారు.”

“మబ్బు చూశావా?”

శ్రీరమ్య చూసింది. పడమటి దిక్కంతా నల్లబడింది.

సుబ్బరావమ్మది కౌలు చేను. ఏడాది పంటంతా ఆ ట్రాక్టరు మీదే ఉంది. కాయ తడిస్తే నల్లబడుతుంది, బూజు పడుతుంది. తడిసిన బస్తాను ఏ కోల్డ్ స్టోరేజీ లోపలికి రానివ్వదు. ఆవిడ బస్తాల మీద కప్పిన పట్టా నిరుటి ఎండలకే చిల్లులు పడింది.

చైతన్యకృష్ణ సాఫ్ట్‌వేర్ కంపెనీకి నాలుగోసారి ఫోన్ చేశాడు. ఒకసారి ఆపి మళ్ళీ వేయమన్నారు. వేశాడు.

‘అప్‌డేట్ జరుగుతోంది. కంప్యూటర్ ఆపవద్దు’ అని వచ్చింది. కింద అంకెలు మొదలయ్యాయి.

ఆ అంకెలు క్రికెట్ స్కోరులాగా కిటికీలోంచి గేటుకి, గేటు నుంచి మలుపు దాకా పోతున్నాయి.

“ఎనభై అంట!”

“తొంభై!”

“తొంభై అయిదు! ఇక అయినట్టే!”

అప్పుడే గేటు వైపు నుంచి ఒక పెద్దాయన, మలుపు దగ్గర తన బండి పక్కన నిలబడ్డ సుబ్బరావమ్మ దగ్గరికి వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. గడ్డం నెరిసింది. భుజం మీద మడత పెట్టిన కొత్త పట్టా ఉంది.

“నీ పట్టాకి చిల్లులున్నాయి చెల్లెమ్మా. దాని మీద ఇది కప్పుకో.”

సుబ్బరావమ్మ అనుమానంగా చూసింది.

“అద్దెకిస్తున్నావా అన్నయ్యా?”

“అద్దెకు కాదమ్మా. నాకిక దీంతో పనిలేదు. నీ వంతు వచ్చేసరికి ఆలస్యమయ్యేట్టుంది.”

గోడ పక్కన ఖాళీ లారీలు ఆగి ఉన్నాయి. వాటి తాలూకు డ్రైవరేమో అనుకుంది ఆవిడ. ఆయనే ట్రాక్టరెక్కి పట్టా పరిచాడు. నాలుగు మూలలా తాడు బిగించాడు.

“నూరు!” అని గేటు దగ్గర కేక వినిపించింది. ఎవరో ఈల కూడా వేశారు.

లోపల తెర ఒక్కసారిగా నల్లబడింది. మళ్ళీ వెలిగింది.

“సార్... మళ్ళీ మొదటికొచ్చింది. ఒకటి చూపిస్తోంది.”

చైతన్యకృష్ణ చేతిలో పెన్ను విసిరికొట్టాడు.

చినుకులు మొదలయ్యాయి.

పెద్దాయన గేటు దగ్గర నుంచి గబగబా వచ్చాడు. సుబ్బరావమ్మ బండి దగ్గర ఆగి తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఏందన్నయ్యా, ఇచ్చినట్టే ఇచ్చి విప్పుకుపోతావా? నా కాయ తడిస్తే ఇంటికెట్లా పోను?”

ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. తర్వాత ఆ ముడినే ఇంకాస్త బిగించాడు.

“వదులైందేమోనని చూశానమ్మా.”

వాన దబదబా పడింది. అందరూ లారీల కిందికి దూరారు.

వాన వెలిశాక పక్క బండి దానయ్య గేటు వైపు చెయ్యి చూపించాడు.

“చూశావా అక్కా ఆ ఒకటో నంబరు బండిని? అందరికంటే ముందొచ్చాడు. బస్తాల మీద గుడ్డముక్క కూడా కప్పలా.”

“పండించినోడైతే అట్లా గాలికొదిలేస్తాడా? ఎవడో బుద్ధిలేనివాడు,” అంది సుబ్బరావమ్మ.

ఒకటో నంబరు బండిని లోపలికి రానివ్వలేదు. అది నీళ్ళు కారుతూ వెనక్కి తిరిగి వాళ్ళ ముందు నుంచే పోయింది. తోలేవాడు తల మీద గోనెసంచి కప్పుకుని ఉన్నాడు. మొహం కనిపించలేదు.

“పట్టా కొనుక్కోవయ్యా ఈసారన్నా!” అని ఆవిడే అరిచింది. దానయ్య నవ్వాడు.

పొద్దు వాలాక స్లిప్పులు రావడం మొదలైంది. సుబ్బరావమ్మ వంతు వచ్చింది. గేటు దగ్గరుండే బుడాన్ ఒక బస్తాలో చెయ్యి పెట్టి చూశాడు. కాయ గలగలమంది.

“పొడిగా ఉందమ్మా. పట్టా తీసేయండి. పట్టాతో కాటా ఎక్కనివ్వం.”

ముడి ఎంత లాగినా ఊడలేదు. చివరికి పంటితో లాగి విప్పింది. పట్టాను దులిపి, అంచులు కలిపి, ఆయన తెచ్చినప్పుడు ఉన్నట్టే మడత పెట్టింది.

“దీన్ని ఇచ్చినాయన్ని కాస్త పిలువు బుడానూ. నెరిసిన గడ్డం, పొడుగ్గా ఉంటాడు. లారీ డ్రైవరు.”

బుడాన్ ఆ పట్టా వైపు చూస్తూ ఉండిపోయాడు.

“డ్రైవరు కాదమ్మా, క్రీస్తుదాసు గారు. రైతు. తొంభై అయిదు అయిందనగానే, కాటా ఎక్కాలి పట్టా తీయమని నేనే తొందరపెట్టా.”

“ఏడీ మరి?”

“ఇంకెక్కడున్నాడమ్మా, ఆ ఒకటో నంబరు బండి ఆయనదే.”